డిక్కీ తెరిచినంతసేపు

మొన్న శనివారం పొద్దున్నే శైలజ ఫోన్ చేసింది. పాత ఆఫీసులో నా పక్క సీటు తనది. తను ఇంకా అక్కడే ఉంది. పిల్లల చదువులూ, ప్రగతి నగర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టు గొడవా అన్నీ అయ్యాక, "అన్నట్టు, మన గేటు దగ్గరుండే పెద్దాయన పోయాడటే. పోయిన వారం, వాళ్ల ఊళ్లో. కొత్త గార్డు చెప్పాడు" అంది.

ఏ పెద్దాయన అని నేను అడగలేదు. ఆ గేటు దగ్గర పదిమంది గార్డులుండేవారు గానీ పెద్దాయన ఒక్కడే. చపాతీ పిండి చేతులతో అలాగే నిలబడిపోయాను.

"ఆయన పేరేంటే?" అంది శైలజ.

నాకు తెలియదు. ఆరేళ్లపాటు సెలవురోజులు పోను రోజూ మాట్లాడుకున్న మనిషి పేరు తెలియదంటే సిగ్గుచేటే. ఆయన చొక్కా జేబు మీద ఒక పేరుండేది, నిజమే. చేరిన కొత్తలో ఆ పేరు పెట్టి, గారు తగిలించి మరీ నమస్కారం పెట్టాను. ఆయన నవ్వి, "అది అంగి పేరు మేడం, నా పేరు కాదు. నాకంటె ముందు ఈ అంగిల ఉన్నోనిది" అన్నాడు. మానేసిన గార్డు చొక్కాని ఉతికించి కొత్తగా వచ్చినవాడికి తొడిగేవారట ఏజెన్సీవాళ్లు. పేరు పట్టీ విప్పే ఓపిక ఎవరికీ లేదు. టోపీ కూడా ఆ వెళ్లిపోయినవాడిదే; వాడి తల పెద్దది కాబోలు, ఈయనకి కనుబొమల మీదికి దిగేది. మరి మీ పేరేంటండీ అని అడగబోతుంటే వెనక కారు హారన్ కొట్టింది. ఆ హారన్లు ఆరేళ్లూ ఆగలేదు. నేను అడగనూ లేదు.

శైలజ ఫోన్ పెట్టేశాక ఉండబట్టక ఏజెన్సీకి ఫోన్ చేశాను. ఇంటివాళ్లతో ఒక్క మాట మాట్లాడదామని. నాకు తెలిసిన పేరు అదొక్కటే కాబట్టి చొక్కా మీది పేరే చెప్పాను. అవతలి మనిషి కాసేపు వెతికి, "ఆయన నిక్షేపంగా ఉన్నాడు మేడం, మళ్లీ మా దగ్గరే చేరాడు, కొత్తగూడలో డ్యూటీ. లైన్‌లోకి పిలవమంటారా?" అన్నాడు. బతికున్న మనిషికి సంతాపం చెప్పడం బాగుండదని పెట్టేశాను.

అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పేరు లేకపోయినా మనిషి ఉన్నాడు కదా.

ఆఫీసు గేటు దగ్గర పద్ధతి ఇది. కారు ఆపాలి, డిక్కీ మీట నొక్కాలి. గార్డు కర్రకి బిగించిన అద్దాన్ని కారు కిందికి తోసి చూస్తాడు. తర్వాత వెనక్కి వెళ్లి డిక్కీలో చూసి, మూసి, అడ్డకర్ర లేపుతాడు. మొత్తం అరనిమిషం పని. ఆ అరనిమిషంలో పెద్దాయన ప్రపంచాన్ని చక్కబెట్టేవాడు.

అద్దం కారు కిందికి పోయేముందు ఆయన మీసం దగ్గర ఒక్క క్షణం ఆగేది. వేలితో ఇటూ అటూ సవరించుకుని, ఆ తర్వాతే దేశ భద్రత. జగిత్యాల వైపు మనిషి. వయసులో ఉన్నప్పుడు దుబాయి, మస్కట్, కువైట్ అన్నీ తిరిగి వచ్చాడు. తిరిగాడంటే విమానం దిగిన గేటూ, పనిచేసిన గేటూ, మళ్లీ విమానం ఎక్కిన గేటూ చూశాడు. దానికి ఆయనేం చిన్నబుచ్చుకునేవాడు కాదు. "లోపలున్నోనికి లోపలి ముచ్చటే ఎర్క మేడం. బయటున్నోనికి బయటి ముచ్చటే. గేటు కాడున్నోనికి రెండూ కనవడ్తయి" అనేవాడు.

పొద్దున డ్యూటీ ఎక్కేలోపు తెలుగు పేపరు తెప్పించుకుని ప్రపంచ వార్తల పేజీ ఒక్కటీ తీసుకునేవాడు. సినిమా పేజీ, జిల్లా పేజీ తోటివాళ్లకి, ఇడ్లీ కింద పరుచుకోవడానికి. తన పేజీని మడిచి టోపీలో పెట్టుకునేవాడు. దానివల్ల టోపీ కాస్త బిగుతయ్యేది కూడా.

మొదటిరోజు మాట నాకిప్పటికీ గుర్తే. డిక్కీలోకి తల పెట్టి, అక్కడినుంచే, "అమెరికోడు మళ్ల సుంకం పెంచిండు, సూసిన్రా?" అన్నాడు. నేను నా కారులో ఏదో దొరికిందేమోనని కంగారుపడ్డాను.

"మా ఊళ్లె ఒకడు ఇంటి ముందల బాటకు కంచె గొట్టిండు మేడం. నా జాగల నుంచి పోయెటోడు నాకు ఇచ్చుకోవాలె అన్నడు. ఊరోళ్లు ఏమన్లేరు. సుట్టు తిరిగి పోవుడు సురువు జేసిన్రు. వారం దినాలకు పాలాయన గూడ వాని ఇంటికి పోవుడు బంద్ జేసిండు. అప్పుడు వాడేం జేసిండంటె..."

వెనక హారన్. డిక్కీ దబ్బున పడింది, కర్ర లేచింది. "పోన్రి మేడం, జాం అయితది."

వాడేం చేశాడో తెలియక ఆ రోజు నాకు పని సాగలేదు. సాయంత్రం బయటికి వెళ్లే గేటు వేరే వైపు. ఇంటికెళ్లి మా ఆయనకి చెబితే, "కంచె పీకేసుంటాడు" అన్నారు. మర్నాడు డిక్కీ తెరవగానే పెద్దాయన ఉపోద్ఘాతం లేకుండా అందుకున్నాడు. "కంచె పీకలే మేడం. ఇజ్జత్ పోతది గద. కంచెకు చిన్న సందు వెట్టి, పాలాయనకు మాఫీ అన్నడు. సూడుర్రి, వీళ్లు గూడ అదే జేస్తరు."

ఇలా రోజుకి అరనిమిషం చొప్పున నాకు ఆరేళ్లు ప్రపంచ రాజకీయాలు నడిచాయి. ఎక్కడ ఆపాడో ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు. సోమవారం పొద్దున, "శుక్రారం నాడు ఏడ ఆపినం? ఆఁ, సముద్రం కాడ" అని మొదలుపెట్టేవాడు. సముద్రం అంటే చమురు ఓడలు వెళ్లే ఇరుకు దారి. "గది మన కొత్తగూడ చౌరస్తా అసోంటిది మేడం. ఆడ ఒక్క బండి అడ్డం తిరిగిందనుకోన్రి, ఈడ మన ఇంట్ల పొయ్యి ఆగుతది." టీవీల్లో సూట్లు వేసుకున్న పెద్దమనుషులు గంటసేపు పటాలు చూపించి చెప్పినా నాకు ఎక్కని విషయం అది. ఆ చౌరస్తాలో రోజూ ఇరుక్కునేదాన్ని కనక టక్కున ఎక్కింది.

అన్ని దేశాల పెద్దలూ చేరి యుద్ధం ఆపమని తీర్మానం చేశారని చదివితే, "మా ఊరి పంచాయితీల గూడ తీర్మానం జేస్తరు. దాన్ని చుట్ట జుట్టి సంచిల వెట్టుకోని ఎవలింటికి వాళ్లు పోతరు" అనేవాడు. ఎవరో మూడో దేశంవాడు మధ్యవర్తిత్వానికి వచ్చాడంటే అనుమానంగా మీసం దువ్వేవాడు. "ఇద్దరు కొట్టుకుంటుంటె మూడోడు ఉరికొచ్చిండంటె, వాడు కట్టెలన్న అమ్మాలె, కట్లన్న కట్టాలె."

నేను సిగ్గువిడిచి ఒక పని చేశాను. డిక్కీ ఖాళీగా ఉంటే చెక్ తొందరగా అయిపోతోందని, డ్రై వాష్‌కి ఇవ్వాల్సిన చీరల మూటా, అటక మీది పాత కుక్కరూ తెచ్చి అందులో పడేశాను. మూట విప్పి చూడటానికి ఇంకో పది సెకన్లు పట్టేది. ఆ పది సెకన్లలో ఐరోపా అయిపోయేది. ఆ చీరలు డ్రై వాష్‌కి ఎప్పుడిస్తావని మా ఆయన ఎనిమిది నెలలు అడిగారు.

ఇంతకీ ఆయన జోస్యాలు ఒక్కటీ నిజం కాలేదు. ఈ మాట చెప్పకపోతే ఆయనకే అన్యాయం. పెట్రోలు మండిపోతుంది, ఇయ్యాలనే టాంకు నింపుకోన్రి మేడం అంటే నింపుకున్నాను. ఆ వారమే తగ్గింది. ఫలానా యుద్ధం బతుకమ్మలోపు అయిపోతుందన్నాడు. రెండు బతుకమ్మలు వెళ్లాయి. అడిగితే ఏమాత్రం తొణకలేదు. "నాది తప్పు లేదు మేడం. వాళ్లే మాట మీద నిలవడ్తలేరు." చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, నేను లోకువై కాదు, ఇష్టపడే విన్నాను. పొద్దున్నే నాతో ఒక పెద్ద విషయం మాట్లాడే మనిషి ఇంకెవరున్నారు? లోపలికెళితే అందరూ చిన్న విషయాలని పెద్ద ఇంగ్లీషులో మాట్లాడేవారు.

గేటుకి సంబంధించిన జోస్యం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. దానికి ఆయన లెక్కే వేరు. కొత్తవాళ్లు చేరే రోజుల్లో పూలగుత్తులు లోపలికి వెళతాయి. రోజులు బాగా లేనప్పుడు మొక్కలు బయటికొస్తాయి. మా ఆఫీసులో ప్రతివాళ్లూ టేబుల్ మీద చిన్న కుండీలో ఏదో మొక్క పెంచుకునేవారు. ఉద్యోగం పోయినవాళ్లు కంప్యూటరూ కార్డూ ఇచ్చేసి ఆ మొక్కని మాత్రం గుండెకి ఆనించుకుని తెచ్చుకునేవారు. "ఈ వారం మొక్కలు సురువైనయి మేడం. అమెరికాల ఏదో అయినట్టున్నది" అనేవాడు. అమెరికాలో ఏమైందో పేపర్లో రావడానికి ఇంకో నెల పట్టేది.

చివరి ఏడాది మొక్కలు ఆగకుండా వచ్చాయి. యంత్రాలే ఆలోచిస్తాయట, మనుషులతో పనిలేదట అన్న మాట అప్పటికి గేటుదాకా చేరింది. ఒకరోజు అద్దం కారు కింద పెట్టి, పైకి లేవకుండానే అడిగాడు.

"మీరు లోపట జేసేది ఏం పని మేడం?"

"ఆ యంత్రం తప్పులు చేస్తే పట్టుకుని, సరిగ్గా చేయడం నేర్పిస్తానండి."

"మంచిగ నేర్సుకుంటున్నదా?"

"బాగానే నేర్చుకుంటోంది."

ఆయన అద్దం బయటికి లాగి లేచాడు. "జర మెల్లగ నేర్పున్రి మేడం" అన్నాడు.

ఆ రోజుల్లో ఉద్యోగాలు తీసే పద్ధతిలో ఒక తిరకాసు ఉండేది. పోయిందన్న మెయిలు పొద్దున తొమ్మిదికి వచ్చేది. కార్డు మాత్రం తెల్లారేసరికే పనిచేయడం మానేసేది, దాన్ని ఆపే మనుషులు అమెరికా వేళల్లో ఉంటారు కనక. ఆలస్యంగా వచ్చే బద్ధకస్తులు ఇంట్లోనే మెయిలు చూసుకుని గౌరవంగా మంచం మీదే కూలబడేవారు. ఎనిమిదిన్నరకల్లా వచ్చే బుద్ధిమంతులకే వచ్చింది చావు. కింద హాల్లో కార్డు ఆనిస్తే తెరుచుకునే చిన్న గేట్లుంటాయి. పచ్చ లైటు వెలిగితే లోపలికి, ఎర్ర లైటు వెలిగితే అక్కడే. వాళ్ల సంగతి వాళ్లకంటే ముందు వెనక వరసలో ఉన్నవాళ్లకి తెలిసేది.

నేను ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఎనిమిదిన్నర మనిషిని. ఉద్యోగం పోతుందేమోనని భయం ఉండేది, ఎవరికి లేదు? కానీ నిద్ర పట్టనివ్వని భయం అది కాదు. ఆ ఎర్ర లైటు. నాకంటే సగం వయసున్న పిల్లలు కాఫీ కప్పులతో వెనక నిలబడి చూస్తుండగా కార్డుని పదేపదే రుద్దుకుంటూ నిలబడటం.

ఒకసారి పెద్దాయనకి కింద హాల్లో డ్యూటీ పడింది. మర్నాడు గేటు దగ్గర నా డిక్కీ తెరిచి, ప్రపంచం ఊసెత్తలేదు.

"నిన్న ఒక సారు వచ్చిండు మేడం. చేతిల మిఠాయి డబ్బ. బిడ్డకు సీటు వచ్చిందట, అందరికి పంచుతనని తెచ్చిండు. కార్డు వెడితె ఎర్రగైంది. అంగికి తుడిసి మళ్ల వెట్టిండు. ఎనక లైన్ల మస్తుమంది. పక్కకు రాన్రి సారూ అని నాతోని అనిపిచ్చిన్రు."

"నాకూ అదే భయమండి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా ఆయనతో కూడా అనని మాట అది.

ఆయన డిక్కీ మెల్లగా మూశాడు. ఆ ఒక్కరోజూ వార్తలు లేవు.

ఆ తర్వాత రెండు నెలలకేమో, ఒక బుధవారం. పై వాళ్లకి ఏదో చూపించాల్సి ఉందని గోపన్‌పల్లిలో మా ఇంటినుంచి ఇంకాస్త ముందే బయల్దేరి, ఎనిమిదీ పావుకే గేటు దగ్గరున్నాను. పెద్దాయన అద్దం తెచ్చాడు. మీసం చూసుకోలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కారు కింద ఒకసారి చూశాడు. చుట్టూ తిరిగి ఇంకోసారి చూశాడు. డిక్కీ తెరిచి చీరల మూట విప్పి, ఒక్కొక్క చీరా మడత తీశాడు. కుక్కరు మూత తీసి లోపలికి చూశాడు.

"పెద్దాయనా, నాకు మీటింగ్ ఉందండి."

"మీటింగ్ ఏడికి వోదు మేడం. జపాన్ సంగతి యినుర్రి."

జపాన్ ఊసు ఆయన ఆరేళ్లలో ఎప్పుడూ ఎత్తలేదు. "జపాన్ల ముసలోళ్లు ఎక్కువైన్రట మేడం. పిల్లలు తక్కువ. డెబ్బై ఏండ్లోడు గూడ గేటు కాడ నిలవడ్తడట. నాకు గాడికెళ్లి పిలుపొస్తె ఇంకో పదేండ్లు ఫికర్ లేదు." అంటూ స్పేర్ టైరు బోల్టు విప్పడం మొదలుపెట్టాడు. టైరు బయటికి తీసి నేలమీద పెట్టి, దాని కింద చూసి, టైరు లోపల చూసి, మళ్లీ దాన్ని తిప్పి చూశాడు. నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ల పరిచయం ఉన్న మనిషి నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నాడని నిజంగానే కోపం వచ్చింది.

"కారు పక్కకి వెట్టున్రి, పేపర్లు సూడాలె" అన్నాడు. పెట్టాను. పేపర్లు ఇస్తే తిరగేసి పట్టుకుని చదివాడు. జపాన్ అయిపోయింది. కొరియా వచ్చింది, పోయింది. ఆఫ్రికా మొత్తాన్ని రెండు ముక్కల్లో తేల్చేశాడు. చెమటలు కారుతున్నాయి. నా మొహం వైపు చూడటం లేదు. ఎనిమిదీ నలభై అయింది, యాభై అయింది.

"పెద్దాయనా, ఏంటండీ ఇది?" గట్టిగానే అన్నాను.

"జర ఆగున్రి మేడం. బ్రెజిల్ ఉన్నది. బ్రెజిల్ల కాఫీ పండుతది. మస్తు పండుతది. పండినంక..." ఆగాడు. "పండినంక ఎండవెడ్తరు. ఎండవెట్టినంక..."

నా ఫోన్ మోగింది. మెయిలు.

చదివాను. అందులో నా ఆరేళ్లకీ కృతజ్ఞతలు చెప్పి, ఇవాళ్టినుంచి ఆఫీసుకి రావద్దన్నారు. నా వస్తువులు ఇంటికే పంపిస్తారట. నా టేబుల్ మీది మొక్కని కూడా కాబోలు. మళ్లీ మొదటినుంచీ చదివాను. తెరిచి ఉన్న డిక్కీ అంచు మీద, విప్పేసిన చీరల పక్కన కూర్చున్నాను.

పెద్దాయన టోపీ తీశాడు. లోపలినుంచి మడిచిన కాగితం తీశాడు. అది పేపరు పేజీ కాదు. దాని మీద కారు అద్దాలకి అతికించే స్టిక్కర్ల నంబర్లు వరసగా ఉన్నాయి. హాల్లో జనం ముందు గొడవెందుకని కొత్తగా పెట్టిన పద్ధతట, ఇవాళ ఏ కార్లని లోపలికి పంపకూడదో ఆ జాబితా వాళ్లకి పొద్దున ఆరింటికే వచ్చింది. పేర్లుండవు, నంబర్లే. నాది మధ్యలో ఎక్కడో ఉంది.

"గేటు కాడనే ఆపి వాపస్ పంపున్రి అన్నరు మేడం" అన్నాడు. "నా నోటితోని నేనెట్ల జెప్పాలె."

కోపమంతా ఎటుపోయిందో. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినందుకు కాదు, అది తర్వాత ఇంటికెళ్లి తీరిగ్గా ఏడ్చాను. ముప్పావుగంటసేపు ఆ ముసలాయన ఎండలో టైర్లు మోసి, చీరలు విప్పి, నాచేత మాటలు పడి, నాకోసం ప్రపంచమంతా తిరిగాడు. ఇంతటి పని నాకోసం ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఆయన టైరు మళ్లీ బిగించాడు. చీరలు తనకి చేతనైనట్టు మడతపెట్టి మూట కట్టాడు. నేను కళ్లు తుడుచుకుని లేచాను. ధన్యవాదాలు అంటే చాలదనిపించింది.

"ఎండబెట్టాక ఏం చేస్తారండీ, బ్రెజిల్‌లో?" అన్నాను.

ఆయన డిక్కీ మూసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"నాకేం ఎర్క బిడ్డా" అన్నాడు. "అది ఏ దిక్కున్నదో గూడ నాకు తెల్వది. నీ ఫోన్ మోగేదాంక ఏదో ఒకటి జెప్పాలె గద."